బీపీ చూసిన సిస్టరే గుండెపోటు రిస్కు కూడా చెప్పొచ్చా?

కొల్లేటి_గాలి
మా ఊరి విలేజ్ క్లినిక్‌లో పోయిన వారం నాన్నగారికి బీపీ చూశారు. చూసింది డాక్టరు కాదు, అక్కడ ఉండే సిస్టర్. 152/94 వచ్చిందట. అంతటితో ఊరుకోలేదు. నడుం కొలిచింది, బరువు చూసింది, చుట్ట ఎన్నేళ్ల నుంచి కాలుస్తున్నారు, అన్నదమ్ముల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా అని అడిగింది. తర్వాత గోడకున్న రంగుల చార్టు మీద వేలు పెట్టి "మీరు ఆరెంజ్ గడిలో ఉన్నారు, పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే రిస్కు ఉంది" అంది. నాన్నగారికి 58 ఏళ్లు. ఇంటికొచ్చి సరిగ్గా అన్నం తినలేదు. రాత్రి అమ్మని పిలిచి "పొలం కాగితాలు ఎక్కడున్నాయో చూపిస్తా రా" అన్నారట. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఫోన్‌లో ఎంత చెప్పినా వినడం లేదు. ఈసీజీ లేదు, రక్తపరీక్ష లేదు. చార్టు చూసి ఒక నర్సు ఇంత పెద్ద మాట అనొచ్చా? ఇది డాక్టరు పని కాదా?

ఫార్మా_శ్రీను
అనకూడదు. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన బీపీ ఉన్నట్టు కాదు. మిషన్ నొక్కితే నంబర్ వస్తుంది, దాన్ని పట్టుకుని పదేళ్ల జాతకం చెప్పేస్తే ఎలా? ఇలా భయపడి మా షాపుకి వచ్చేవాళ్లని రోజూ చూస్తున్నా. నాన్నగారిని ఏలూరు తీసుకెళ్లి కార్డియాలజిస్టుకి చూపించు, ఎకో తీయించు.

బెజవాడ_బుల్లెట్
ఎకో తీస్తే ఇవాళ గుండె ఎలా కొట్టుకుంటోందో తెలుస్తుంది. రేపు ఏమవుతుందో కూడా తెలుస్తుందా శ్రీనన్నా? నిజంగా తెలియకే అడుగుతున్నా.

సిక్కోలు_సిస్టర్
కొల్లేటి గాలి గారూ, నేను చేసేది అదే ఉద్యోగం, శ్రీకాకుళం జిల్లాలో. బీఎస్సీ నర్సింగ్ చేసి ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే విలేజ్ క్లినిక్ చూసుకునే సిస్టర్‌గా చేరాను. ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు గానీ ఆ చార్టు ఏమిటో చెబుతాను.

అది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లది, 2019లో కొత్తగా లెక్కలు కట్టి ఇచ్చారు. ప్రాంతానికో చార్టు ఉంటుంది, మనం వాడాల్సింది దక్షిణాసియాది. 40 నుంచి 74 ఏళ్ల వాళ్ల కోసం. కొలెస్టరాల్ రిపోర్టు ఉంటే చూసేది ఒకటి, రక్తపరీక్ష దొరకని చోట ఎత్తూ బరువుతో చూసేది ఇంకొకటి. ఈ రెండో దాంట్లో వయసు, ఆడా మగా, పొగ అలవాటు, పై బీపీ, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) కలిసే చోట ఒక గడి ఉంటుంది. ఆకుపచ్చ అయితే 5 శాతం లోపు. పసుపు అయితే 5 నుంచి 10 లోపు. ఆరెంజ్ 10 నుంచి 20 లోపు. ఆపైన ఎరుపు, 30 దాటితే ముదురు ఎరుపు.

ఆరెంజ్ అంటే నాన్నగారి లాంటివాళ్లు వందమంది ఉంటే, పదేళ్లలో పది నుంచి ఇరవై మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. మిగతా ఎనభై తొంభై మందికి రాదు. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిది ఒక్కటే చెబితే ఎవరైనా పొలం కాగితాలే వెతుక్కుంటారు.

నేనైతే వేలు తీయను. అక్కడే ఉంచి పక్కకి జరుపుతాను. "తాతా, ఇప్పుడు ఇక్కడున్నావు. చుట్ట మానేస్తే ఈ పక్క వరసలోకి వస్తావు. బీపీ 130కి దింపితే ఇదిగో, ఈ కింది గడిలోకి దిగుతావు." చాలామంది ముఖం అక్కడ మారుతుంది. వయసు తగ్గించుకోలేం. మిగతావి తగ్గించుకోవచ్చని కళ్లతో చూస్తారు కదా.

కొల్లేటి_గాలి
ఆ రెండో మాట ఆయనకి ఎవరూ చెప్పలేదండీ. చెప్పినా వినిపించుకోలేదేమో. మీరు రాసింది ఇప్పుడే అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను, స్పీకర్ పెట్టి. నాన్న పక్కనే ఉండి "ఎనభై మందికి రాదంటనా" అని రెండుసార్లు అడిగారు.

బెజవాడ_బుల్లెట్
అప్పుడే తాత ఆ ఎనభై మందిలో సీటు రిజర్వ్ చేసేసుకున్నట్టున్నారు. చుట్ట మానితేనే టికెట్ కన్ఫర్మ్ అని చెప్పు తమ్ముడూ.

పల్లె_డాక్టర్
పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. మొదటి ప్రశ్నకి నా జవాబు: నర్సు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. రిస్కు ఎంతో లెక్క చూడటం వేరు, జబ్బు ఉందని నిర్ధారించడం వేరు. బీపీ జబ్బు ఉందని తేల్చి మందు మొదలుపెట్టడం నా పని. 140/90 దాటితే మళ్లీ ఇంకో రోజు చూసి, అప్పుడూ దాటితేనే బీపీ అంటాం. మరీ 180/110 దాటితే అదే రోజు నా దగ్గరికి పంపాలి. నేను రాసిన మందులు నెలనెలా ఇవ్వడం, మానేస్తే పిలిచి అడగడం, మళ్లీ కొలవడం సిస్టర్ల పని. నా ఓపీలో ఒక్కో మనిషికి ఎంత టైమ్ దొరుకుతుందో అందరికీ తెలుసు. చుట్ట గురించి, ఉప్పు గురించి మాట్లాడేంత తీరిక అక్కడ దొరకదు. ఆ మాటలు జరిగేది సబ్‌సెంటర్ బెంచీ మీదే.

బుల్లెట్ అడిగింది సరైన ప్రశ్నే. ఎకో బాగుంది, ఈసీజీ నార్మల్ అంటే ఇవాల్టి సంగతి. రక్తనాళంలో కొవ్వు చేరుతూ ఉన్నా రెండూ నార్మల్‌గా రావచ్చు.

ఫార్మా_శ్రీను
డాక్టరు గారూ, మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. అసలు బీపీ సరిగ్గా కొలిస్తే కదా లెక్క! నేను కళ్లారా చూశా. ఎండలో నడిచొచ్చిన ముసలాయన్ని కూర్చోబెట్టిన వెంటనే చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, పేరేంటి ఆధార్ నంబరేంటి అని అడుగుతూ నొక్కేశారు. ఆ నంబర్ చార్టులో పెడితే ఏ గడి వస్తుంది?

నర్సింగ్_టీచరమ్మ
శ్రీను గారు చెప్పింది కోపంతో అన్నా అందులో నిజముంది. నర్సింగ్ కాలేజీలో పాఠం చెబుతాను, ఫస్టియర్ పిల్లలకి నేను ఎక్కువ రోజులు తీసుకునేది దీని మీదే. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. వీపు ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో. పట్టీ చర్మం మీద చుట్టాలి, చొక్కా మీద కాదు. అరగంట ముందు నుంచీ టీ, కాఫీ, చుట్ట ఉండకూడదు. పాసుకి వెళ్లాల్సి ఉంటే ముందు వెళ్లి రమ్మనాలి. కొలిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి.

ఇదంతా కలిపితే మనిషికి పది నిమిషాలు. ఒక్క సిస్టర్ ముందు పొద్దుటే నలభై మంది క్యూ కట్టి, సాయంత్రానికి యాప్‌లో ఎంతమందిని ఎక్కించావని పైనుంచి ఫోన్ వస్తుంటే ఆ పది నిమిషాలు ఎక్కడివి? పిల్లలకి నేర్పింది నేర్పినట్టు చేయనిచ్చే చోటు కూడా ఉండాలి కదా.

సిక్కోలు_సిస్టర్
టీచరమ్మా, మా మనసులో మాట చెప్పారు. యాప్‌లో ఎక్కించకపోతే పని చేయనట్టే లెక్క. నెట్ రాక గట్టు మీద నిలబడి ఎంట్రీలు చేసిన రోజులున్నాయి. ఆ టైమ్‌లో ఎంతమందితో మాట్లాడి ఉండేదాన్నో.

ఓరుగల్లు_పిల్ల
మా దగ్గర కొలవడం బాగానే కొలుస్తున్నరు. తర్వాతదే సమస్య. ముప్పై ఏళ్లు దాటినోళ్లందరికీ స్క్రీనింగ్ అని ఇంటికొచ్చి మా అత్తమ్మకు బీపీ, షుగర్ చూసిన్రు. బీపీ ఎక్కువుందని చెప్పి చీటీ రాసిచ్చి పోయిన్రు. ఆమె ఆ చీటీ బియ్యం డబ్బా మీద పెట్టింది. మళ్లా ఏడాదికి వచ్చినోళ్లు మొదటిసారి చూసినట్టే చూసి మళ్లా చీటీ ఇచ్చిన్రు. ఈ మధ్యల ఏమైందని అడిగినోళ్లు లేరు.

తర్వాత వచ్చిన ఏఎన్ఎం అక్క మాత్రం వేరే. బియ్యం డబ్బా మీది చీటీ తనే తీసి చదివి, మా అత్తమ్మ చేయి పట్టుకుని పీహెచ్‌సీకి తీసుకుపోయింది. ఇప్పుడు నెలకు సరిపడా మందుల కిట్టు వస్తుంది, పొద్దటికి రాత్రికి వేరే వేరే సంచుల్లో. ఒక్క నెల పోకపోతే ఆ అక్క ఫోన్ చేసి తిడుతది. ఆ తిట్ల వల్లే బీపీ అదుపుల ఉన్నదని మా అత్తమ్మే చెప్తది.

మాస్టారు_రిటైర్డ్
అమ్మాయ్, ఆ తిట్టు ఖరీదు కట్టలేనిది.

పల్లె_డాక్టర్
ఓరుగల్లు పిల్ల చెప్పినదే అసలు విషయం. కేంద్రం 2017లో మొదలుపెట్టిన హైపర్‌టెన్షన్ కంట్రోల్ కార్యక్రమంలో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. అందులో చేసినవి చాలా సాదా పనులు. అందరికీ ఒకే మందుల పద్ధతి, నెలకు సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గరలోనే బీపీ చూడటం, రాని వాళ్లని నర్సు ఫోన్ చేసి పిలవడం.

కొల్లేటి గాలి, మీ పాత పశ్చిమ గోదావరి కథ ఒకటి చెబుతా. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో చావులకి కారణాలు రాసుకుంటూ ఒక అధ్యయనం జరిగింది, 2006లో అచ్చయింది. దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. గుండెపోటు పట్నం జబ్బు అనుకునే రోజులవి. ఆ తర్వాత అదే పశ్చిమ గోదావరిలో 54 ఊళ్లలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి రిస్కు లెక్క చూపించే ప్రయోగం చేశారు. 2019లో ఫలితం వచ్చింది. రిస్కు ఉన్నవాళ్లని ఆశాలు చక్కగా గుర్తుపట్టారు. కానీ బీపీ అదుపులోకి వచ్చిన వాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుర్తుపట్టడం ఒక్కటే సరిపోదని నాకు అర్థమైంది దాంతోనే. మందు అందాలి, వాడుతున్నారో లేదో చూసే మనిషి ఉండాలి.

ఫార్మా_శ్రీను
సరే, ఈ మాట ఒప్పుకుంటా. మందు మానేయడం నేను రోజూ చూసేదే. "తల తిరగట్లేదు, అందుకే ఆపేశా" అంటారు. "ఒకసారి మొదలుపెడితే అలవాటు పడిపోతుందట" అంటారు. కానీ రిస్కు నంబర్ నర్సు చెప్పడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. భయపెట్టకుండా చెప్పడం అందరికీ రాదు.

లీడ్స్_లక్ష్మి
నేను ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో, ప్రాక్టీస్ నర్సుని, చదివింది తిరుపతిలో. ఇక్కడ 2009 నుంచి 40-74 ఏళ్ల వాళ్లని ఐదేళ్లకోసారి హెల్త్ చెక్‌కి పిలుస్తారు. బీపీ, బీఎంఐ, కొలెస్టరాల్ చూసి క్యూరిస్క్ అనే లెక్క వేస్తాం. చాలా చోట్ల ఈ పని చేసేది నర్సులూ హెల్త్‌కేర్ అసిస్టెంట్లూ, డాక్టరు కాదు. పది శాతం దాటితే కొలెస్టరాల్ మందు గురించి మాట్లాడతాం. ఆ లెక్కలో 'ఇండియన్' అని టిక్ పెట్టే చోటు వేరే ఉంది, ఎందుకంటే అదే వయసు, అదే బరువు ఉన్న తెల్లవాళ్లకంటే మనకి రిస్కు ఎక్కువ.

శ్రీను గారూ, చెప్పడం రాదంటే నేర్పించాలి. మాకు దానికి ట్రైనింగ్ ఇచ్చారు. నంబర్ చెప్పే ముందు "మీకు దీని గురించి ఏం తెలుసు?" అని అడగాలి. నంబర్ చెప్పాక "ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లకి ఏమని చెబుతారు?" అని అడగాలి. వాళ్ల నోట విన్నప్పుడే తెలుస్తుంది ఏం అర్థమైందో. ఆ రెండో ప్రశ్న అడిగుంటే పొలం కాగితాల సంగతి క్లినిక్‌లోనే బయటపడేది.

బెజవాడ_బుల్లెట్
లక్ష్మక్కా, మనకెందుకు ఎక్కువ? పప్పన్నం తినేవాళ్లం కదా.

పల్లె_డాక్టర్
52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతావాళ్లకంటే ఐదారేళ్లు ముందే వస్తోందని అందులో బయటపడింది. కారణాలు కొత్తవేం కాదు. పొగ, కొలెస్టరాల్, షుగర్, బీపీ, పొట్ట, టెన్షన్, కూరగాయలూ పళ్లూ తక్కువ తినడం, ఒళ్లు కదలకపోవడం. మనకి ఇవి చిన్న వయసులోనే పోగవుతున్నాయి. సన్నగా కనిపించే మనిషికి కూడా పొట్ట ఉంటుంది. అందుకే టేపుతో కొలుస్తారు. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

సిక్కోలు_సిస్టర్
ప్రశ్న అడిగే తీరు గురించి లక్ష్మి గారు బాగా చెప్పారు, దానికి మా వైపు సంగతి ఒకటి. ఫారంలో పొగాకు వాడతారా అని ఉంటుంది. మా తీరం ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ వేస్తారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. కొడుకూ కోడలూ పక్కనుంటే "అలాటివేటీ నేవు" అంటారు. ఫారంలో 'లేదు' అని పడిపోతుంది, రిస్కు తక్కువని వస్తుంది. నేను ఆ ప్రశ్న అప్పుడు వదిలేస్తాను. నోటి క్యాన్సర్ పరీక్షకి టార్చి వేసి నోరు తెరవమంటాను. అంగిలి తెల్లబారి, మధ్యలో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. అప్పుడు మెల్లగా "ఎన్నాళ్ల నుంచి మామ్మా?" అంటే నవ్వేసి చెబుతారు. అలా మార్చిన ఫారాలు నా దగ్గర చాలా ఉన్నాయి.

మాస్టారు_రిటైర్డ్
నాకు స్టెంటు వేశారు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు మంచివారే గానీ ఆయన నాతో మాట్లాడింది చాలా తక్కువ. డిశ్చార్జి రోజు ఒక సిస్టర్ మా ఆవిడనీ నన్నూ కూర్చోబెట్టి, మాత్రల అట్టలన్నీ మంచం మీద పరిచి, ఏది రక్తం గడ్డకట్టకుండా, ఏది కొలెస్టరాల్‌కి అని ఒక్కోటీ చూపించింది. "గడ్డకట్టకుండా వేసుకునే ఈ రెండూ పన్ను పీకించుకోవడానికి వెళ్లినా మీ అంతట మీరు ఆపకూడదు, మా డాక్టర్ని అడగాలి" అని మా ఆవిడ చేత తిరిగి చెప్పించింది. తర్వాత వంటింటి సంగతులు. ఆవకాయ మానమనలేదు. "ముద్దకి ముద్ద కలపకండి, చివర్లో నంజుకోండి, పెరుగన్నంలో ఉప్పు వేయకండి, అప్పడం పండగకి" అంది. ఉప్పు మొత్తం రోజుకి ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల లోపు ఉండాలట. మా ఇంట్లో పొద్దుటి ఉప్మాకే అది అయిపోయేది. ఇప్పుడు మా ఆవిడ పొద్దున్నే రోజుటి ఉప్పు ఒక గిన్నెలో తీసి పెడుతుంది, అందులోంచే అన్నీ.

లీడ్స్_లక్ష్మి
మాస్టారూ, ఆ గిన్నె ఐడియా నేను దొంగిలించేస్తున్నా. మీ అనుభవానికి రుజువు కూడా ఉంది. స్కాట్లాండ్‌లో గ్రాంపియన్ ప్రాంతంలో 19 జీపీ సర్జరీల్లో, గుండె జబ్బు ఉన్నవాళ్లని సగం మందిని నర్సులు నడిపే క్లినిక్‌లకి పిలిచారు. 1998లో మొదటి ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్లు దాటాక చూస్తే ఆ సగంలో చావులు తక్కువ. ఆ నర్సులు కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఆస్పిరిన్ వేసుకుంటున్నారా, బీపీ ఎంత, నడుస్తున్నారా అని విసుగు లేకుండా అడిగారు.

కోనసీమ_కొబ్బరి
ఒక సందేహం. నా రెండో కాన్పులో బీపీ వచ్చి కాళ్లు వాచి, ముందే ఆపరేషన్ చేశారు. తర్వాత తగ్గిపోయింది. బాబుకి ఇప్పుడు ఆరేళ్లు. నాకు 34. ఆ చార్టు 40 దాటినవాళ్లకి అంటున్నారు, అంటే నేను చూపించుకోనక్కర్లేదా?

నర్సింగ్_టీచరమ్మ
చూపించుకోవాలి తల్లీ, తప్పకుండా. కాన్పులో బీపీ వచ్చి ఆ తర్వాత తగ్గిపోయిన వాళ్లకి ముందు ముందు గుండె జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు రెట్టింపు. కాన్పులో షుగర్ వచ్చినవాళ్లకి అసలు షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఇది ఆ చార్టులో లేదు, అందుకే అడిగి తెలుసుకోవాలి. ఏడాదికోసారైనా బీపీ, షుగర్ చూపించుకో. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా కాన్పులో బీపీ వచ్చిందని నువ్వే ముందు చెప్పు.

నాకు బాధ కలిగించేది ఇదే. తల్లీబిడ్డల కార్డులో అదంతా రాసి ఉంటుంది, రాసింది మా ఏఎన్ఎమ్మే. బిడ్డ టీకాలు అయిపోగానే ఆ కార్డు బీరువాలోకి పోతుంది. ఆ పేర్లు బీపీ, షుగర్ లాంటి జబ్బులు రాసుకునే ఎన్‌సీడీ రిజిస్టర్‌లోకి కూడా ఎక్కించుకుంటే, నలభై వచ్చేదాకా ఆగక్కర్లేదు.

సిక్కోలు_సిస్టర్
టీచరమ్మా, మా రిజిస్టర్‌లో ఒక పేజీ వేరే పెట్టుకుంటాను ఈ వారమే. కాన్పుల లిస్టు నా దగ్గరే ఉంది.

కోనసీమ_కొబ్బరి
ఆరేళ్లలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. థాంక్యూ మేడమ్. కార్డు వెతుకుతున్నా.

ఓరుగల్లు_పిల్ల
మా ఆడబిడ్డకు కూడా అట్లనే అయింది. ఇది ఆమెకు పంపుతున్న.

కొల్లేటి_గాలి
నాన్న మళ్లీ వెళ్లడానికి ఒప్పుకున్నారు. ఈసారి ఆదివారం నేను కూడా ఊరెళ్లి, సోమవారం వెంట వెళ్తాను. అక్కడ ఏం అడగాలి?

పల్లె_డాక్టర్
బీపీ టీచరమ్మ చెప్పిన పద్ధతిలో మళ్లీ చూపించండి. షుగర్ చూస్తారు. కొలెస్టరాల్ కోసం పీహెచ్‌సీకి రాయమనండి. ఈసారీ 140 దాటితే నా లాంటి వాళ్ల దగ్గరికి పంపుతారు, అది భయపడాల్సింది కాదు. చుట్ట మానడానికి సాయం దొరుకుతుందా అని అడగండి, 1800 112 356 అనే ఉచిత నంబర్ కూడా ఉంది. నడిస్తే ఛాతీలో బరువుగా ఉండటం, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకడం, చల్లచెమటలు వస్తే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు. గ్యాస్ అని సోడా తాగించొద్దు. 108కి చేయండి.

ఉద్దానం_కుర్రోడు
డిగ్రీ చదువుతున్నా. ఇదంతా చదివాక మా ఊళ్లో యూత్ తరఫున బీపీ క్యాంపు పెడదాం అనిపించింది. మిషన్ కొంటాం. మార్కెట్లో సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లు వస్తున్నాయి కదా, అవి కూడా ఫ్రీగా పంచుదామని ప్లాన్.

సిక్కోలు_సిస్టర్
తమ్ముడూ, ఆ ఉప్పు మాత్రం మన ఉద్దానంలో పంచకు. దాంట్లో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్లకి మంచిదే, బీపీ తగ్గుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. మన దగ్గర కిడ్నీ జబ్బు ఉండి ఇంకా తెలియని వాళ్లు ఎంతమందో. వాళ్లకి మామూలు ఉప్పే తగ్గించమని చెప్పాలి.

క్యాంపు పెట్టు, మంచి ఆలోచన. కాకపోతే పెట్టే ముందే ఒకటి తేల్చుకో. ఎక్కువ వచ్చినవాళ్లు మర్నాడు ఎక్కడికి వెళ్లాలి, వెళ్లారో లేదో ఎవరు చూడాలి? మీ ఏఎన్ఎమ్‌ని ముందే కలిసి, క్యాంపు రోజు ఆవిడ రిజిస్టర్‌తో సహా కూర్చునేలా అడుగు. పేర్లు కాగితం మీద కాదు, ఆ రిజిస్టర్‌లో పడాలి. నెల తర్వాత రాని వాళ్ల ఇళ్లకి మీ యూత్ వెళ్లి తీసుకొస్తే, అది మాకు పెద్ద సాయం. మీది ఏ మండలం?

ఉద్దానం_కుర్రోడు
కవిటి అక్కా. ఉప్పు ప్యాకెట్లు క్యాన్సిల్. ఏఎన్ఎమ్ గారు మా అమ్మకి బాగా తెలుసు, రేపు పొద్దున్న సబ్‌సెంటర్‌కి వెళ్లి అడుగుతా.